తోక బండి వేడి

6, ఆదివారం

తొంభై నాలుగు.

7, సోమవారం

తెర మూల కనపడే వేడి నంబరు రోజూ రాసి పెట్టమంది మేనకోడలు. "నంబరు చాలు మామయ్యా, కథలొద్దు. ఎప్పుడెంత వేడి ఉందో తెలిస్తే రోగమేంటో తెలుస్తుంది" అంది. నిన్న రాశాను. ఇవాళ చూసుకుంటే అది వేడో, ఇంటి నంబరో నాకే అర్థం కాలేదు. అందుకని జరిగింది కూడా రాస్తాను. చూసేవాళ్ళెవరున్నారు.

నిన్న మధ్యాహ్నం మామూలుగానే నలుగురం బయలుదేరాం. ముందు లీడరు, వెనక నర్సమ్మ, ఆ వెనక కూనిరాగం, చివర నేను. ఉక్కు పైపుల లోడు. ఎవరింట్లో వాళ్ళం కూర్చుని కంప్యూటర్లో ఆడే లారీ ఆట అంటే నవ్వుతారు గానీ, రోడ్డు రోడ్డే, మలుపు మలుపే. ఎడమ కన్ను మసకేసిందని లైసెన్సు మళ్ళీ ఇవ్వలేదు. ఈ లారీకి అదేం అక్కర్లేదు.

కొండ ఎక్కుతుండగా కంప్యూటరు డబ్బాలోంచి పిండిమర మోత మొదలైంది. తెర నల్లబడింది. అంతే, ఆగిపోయింది.

మళ్ళీ ఆన్ చేసి రోడ్డు మీదికి వచ్చేసరికి ముగ్గురూ బళ్ళు పక్కకు తీసి నిలబడి ఉన్నారు. మా వరసలో రూలది. ఒకడు ఆగితే అందరూ ఆగాలి. ఆగినవాడి దగ్గర తోక బండి, అంటే చివర వచ్చే నేను, ఉండాలి. తోక బండే మాయమైతే ఏం చెయ్యాలో రూల్లో లేదు.

"చెప్పాపెట్టకుండా ఎక్కడికెళ్ళారు హారన్ గారూ?" అన్నాడు లీడరు.

"టీకి దిగుంటార్లే" అన్నాడు కూనిరాగం.

"ఇంత కొండ మీద టీ ఎవడిస్తాడ్రా?" అంది నర్సమ్మ.

ఒక హారన్ కొట్టాను. ఒకటి కొడితే సరే. రెండు కొడితే వద్దు, ఆగండి. పొడుగ్గా కొడితే ఇక వెళ్ళొస్తాను. ఏడాది పైగా ఇదే నా మాట, వాళ్ళు పెట్టిన పేరూ అదే. మైకు పాడైందని మొదటి రోజే మేనకోడలి చేత టైపు చేయించాను. మైకు బాగానే ఉంది. కొత్తవాళ్ళ దగ్గర నాకు మాట పెగలదు. ముప్పై ఏళ్ళు ఒక్క షావుకారు దగ్గరే బండి తోలాను, ఆయనతోనే నాలుగు ముక్కలు మాట్లాడి ఉండను.

వాళ్ళు మాట్లాడుకుంటారు. నేను వింటాను. అది చాలు.

8, మంగళవారం

తొంభై ఒకటి.

కింద ఇంటావిడ మెట్ల దగ్గర ఆపింది. "అన్నయ్యగారూ, పైన ఏం రుబ్బుతున్నారు? మా గోడలు అదురుతున్నాయి."

"ఏం లేదమ్మా."

"మరి మోతేంటి?"

పైకొచ్చేశాను.

9, బుధవారం

మేనకోడలికి ఫోన్ చేశాను. ఊరికే కాదు, వేడి సంగతి చెప్పడానికి.

ఇది తన కంప్యూటరే. దీని మీద ఇళ్ళకు, భవనాలకు బొమ్మలు గీసేది. వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చాక కొత్తది కొనుక్కుని ఇది నాకు వదిలేసింది. లోపల ఒక కార్డు ఉంటుందిట, బొమ్మలన్నీ అదే గీస్తుంది. దాని పేరు గ్రాఫిక్స్ కార్డు. అదే ఇప్పుడు మండుతోంది. అరిటాకంత కూడా లేదు గానీ ఇంజను కన్నా పొగరు.

"దుమ్ము పట్టి ఉంటుంది మామయ్యా. ఎప్పుడన్నా తీసి తుడిచావా?"

"బయట రోజూ తుడుస్తున్నాను."

"బయట తుడిస్తే ఏం లాభం! లోపల, ఆ ఫ్యాన్ల వెనక రేకులుంటాయి చూడు, వాటి మధ్యకి గాలి కొట్టాలి."

వెనక నుంచి మా చెల్లెలు, "అన్నయ్య అన్నం తిన్నాడేమో అడుగు" అంటోంది.

"తిన్నానని చెప్పు."

"అమ్మా, తిన్నాట్ట. ఏం తిన్నావంటోంది."

"అన్నం."

"అన్నం తిన్నాట్టమ్మా" అని నవ్వింది. ఆ తర్వాత ఆఫీసు ఫోనేదో వచ్చింది, పెట్టేసింది.

వాళ్ళు నన్నూ రమ్మన్నారు, వెళ్ళేటప్పుడు. వద్దన్నాను. నాకిక్కడే హాయి.

10, గురువారం

గాలి కొట్టాలంది కదా. గాలి ఎక్కడుంటుందో నాకు తెలీదా. డబ్బాను దుప్పట్లో చుట్టి ఆటోలో పంక్చరు షాపుకు తీసుకెళ్ళాను.

"టైరేది పెద్దాయనా?" అన్నాడు పంక్చరతను.

దుప్పటి విప్పాను. అతను ఒకసారి డబ్బాను, ఒకసారి నన్ను చూశాడు.

"దీనికి ఎంత పెట్టమంటారు? ముప్పై పెట్టనా, నలభయ్యా?"

"లోపల దుమ్ము ఊదాలి."

"అలా చెప్పండి. నేనింకా స్టెప్నీ ఏమో అనుకున్నా."

డబ్బా తెరిచి పైపు పెట్టి గాలి వదిలాడు. ఎన్నేళ్ళ దుమ్మో. షాపు ముందు నిలబడ్డ స్కూటరాయన తుమ్ముకుంటూ వెళ్ళిపోయాడు. కార్డు మీద రెండు ఫ్యాన్లున్నాయి, ఆ గాలికి విమానం రెక్కల్లా తిరిగాయి. చూడ్డానికి బాగుంది. ఉన్నట్టుండి టక్కుమని శబ్దమైంది.

ఇంటికొచ్చి ఆన్ చేశాను. ఎనభై మూడు.

11, శుక్రవారం

మేనకోడలికి చెప్పాను. తిట్టింది.

"కంప్రెసరా! పంక్చరు షాపా! మామయ్యా, ఫ్యాను వేలితో పట్టుకుని మెల్లగా ఊదాలి. అలా తిరగనిస్తే రెక్కలు విరుగుతాయి."

"విరిగింది. ఒకటే."

నవ్వడం మొదలెట్టింది. నాకూ నవ్వొచ్చింది గానీ పైకి నవ్వలేదు.

"సరే, రెక్క విరిగిన ఫ్యాను తీగ పీకేసి ఒక్కదాంతో నడుపు. ఒంటి చేత్తో ఎంతవరకు లాగుతుందో చూద్దాం."

12, శనివారం

ఎనభై ఎనిమిది. ఒక్కడినే ఖాళీ బండి తోలాను.

13, ఆదివారం

మళ్ళీ ఆగిపోయింది. రెండుసార్లు.

మొదటిసారి ముగ్గురూ ఏమీ అనలేదు. రెండోసారి నేను తిరిగొచ్చేసరికి మాట్లాడుకుంటున్నారు. నేనొచ్చినట్టు చూసుకోలేదు.

"పాపం, మిషను పాతదేమో" అంటోంది నర్సమ్మ.

"పాతదైతే పాతదే. పెద్ద ట్రిప్పులో ఇలా అయితే అందరం రోడ్డు మీద కూర్చోవాలి" అన్నాడు లీడరు. "తోకలో గట్టి బండి ఉండాలి. కూనిరాగం, వచ్చేవారం నువ్వు తోకలోకి రా. హారన్ గార్ని మధ్యలో పెట్టుకుందాం."

రెండు హారన్లు కొట్టాను. గట్టిగానే తగిలినట్టుంది.

"అయ్యో, ఇక్కడే ఉన్నారా!" అన్నాడు కూనిరాగం. "నేను చెప్పలా, ఆయన ఒప్పుకోడని?"

లీడరు, "సరే హారన్ గారూ. వచ్చే ఆదివారం ఈ చివర్నుంచి ఆ చివరికి, రేవు దాకా పెద్ద ట్రిప్పు. అది ఆగకుండా లాగితే తోక మీదే. ఆగితే మధ్యలోకి రావాలి, మరి. సరేనా?" అన్నాడు.

ఒకటి కొట్టాను.

మధ్యలోకి పోతే నా పని అయిపోయినట్టే. ముందు రెండు బళ్ళు, వెనక ఒక బండి. ఆ కార్డు ఆగిన ప్రతిసారీ వరస మధ్యలో తెగుతుంది. ఆ తర్వాత వాళ్ళెన్నిసార్లని ఆగుతారు? ఎవరి పనులు వాళ్ళకుంటాయి.

పోనీలే. కాలక్షేపానికే కదా.

14, సోమవారం

కాలక్షేపానికే అని నిన్న రాశాను. పొద్దున్నే రిపేరు షాపు తెరవకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను.

రిపేరతను కార్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇది కార్డు కాదు పెద్దాయనా, ఇటుక. గోడలో పెట్టించుకోండి."

"ఫ్యాను దొరుకుతుందా?"

"దీని ఫ్యాను చేసేవాడు కూడా మానేసుంటాడు. కొత్త కార్డు వేద్దామంటే మీ బోర్డుకు సరిపోదు. బోర్డు మారిస్తే పవర్ డబ్బా మారాలి. మొత్తం మార్చెయ్యండి, పీడా పోతుంది."

కొత్త లారీ కొనమన్నట్టుంది. "ఉన్నదాంతో వేడి తగ్గే దారి?"

విసుక్కున్నాడు గానీ సొరుగులోంచి ఒక చిన్న సిరంజి తీసి ఇచ్చాడు. సూది లేదు. లోపల బూడిదరంగు పేస్టు. కార్డుకి గుండెకాయలాంటి చిప్పుకీ, పైనున్న రేకుకీ మధ్య ఇది రాయాలట. పాతది ఎండి పెచ్చులైపోయి ఉంటుందట.

15, మంగళవారం

మధ్యాహ్నమంతా కూర్చుని విప్పాను. నాలుగు స్క్రూలు. ఒకటి మంచం కిందకు దొర్లింది, దానికోసం మోకాళ్ళ మీద చాలాసేపు పాకాను. అతను చెప్పింది నిజమే. పాత పేస్టు ఎండిన మట్టిలా రాలింది.

గుండెకాయ అద్దంలా మెరిసింది. నా మొహం కనిపించింది అందులో.

చక్రం బేరింగుకు గ్రీజు ఎలా పెట్టాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అరచేతిలో వేసుకుని, నాలుగు వైపులా పొంగేదాకా దట్టించాలి. పిసినారితనం చేస్తే దారిలో పట్టేస్తుంది. సిరంజి మొత్తం పిండాను.

ఆన్ చేశాను. తొంభై ఏడు. ఆటలోకి పోకముందే.

16, బుధవారం

"మామయ్యా. ఎంత పెట్టావు?"

"అంతా."

"అంతా అంటే?"

"అంతా."

"అది గ్రీజు కాదు మామయ్యా! బియ్యపు గింజంత పెట్టి నొక్కాలి. అద్దం మీద ఊదితే ఆవిరి పడుతుంది చూడు, అంత పల్చగా ఉండాలి. నువ్వేమో దానికి బురద స్నానం చేయించావు."

బేరింగుకు దట్టంగా పెట్టాలి. దీనికి పల్చగా పెట్టాలి. రెండూ వేడి తగ్గడానికే. ఇన్నేళ్ళ తర్వాత ఇది నేర్చుకోవడమేంటో.

మళ్ళీ విప్పాను. తుడిచి ఆ పేస్టంతా ఒక గిన్నెలోకి తీశాను. పొంగిన పేస్టుని మళ్ళీ సిరంజిలోకి ఎక్కించడం కుదరదని కూడా నేర్చుకున్నాను. గిన్నె అంచుకు అంటిందాంట్లోంచి గింజంత తీసి రాశాను.

ఎనభై రెండు. ఒక్క ఫ్యానుతో!

ఫోన్ చేసి చెప్పాను. "భలే!" అంది. ఇంకేమన్నా అంటుందేమోనని పట్టుకునే ఉన్నాను. "ఉంటాను మామయ్యా, బస్సొచ్చింది" అంది.

17, గురువారం

సాయంత్రం నర్సమ్మ, కూనిరాగం కనిపిస్తే వాళ్ళ వెనక కాసేపు పోయాను. తొంభై.

వాళ్ళు వెళ్ళిపోయాక ఒక్కడినే అదే రోడ్డు మీద తిరిగాను. డెబ్బై ఆరు.

మళ్ళీ రేపు చూస్తాను.

18, శుక్రవారం

అంతే. మనుషులు పక్కనుంటే తొంభై. ఒక్కడినే పోతే డెబ్బై ఆరు.

మేనకోడల్ని అడిగాను. "అంతే కదా మామయ్యా. పక్క బళ్ళనన్నిట్నీ నీ కార్డే గీయాలి. లైట్లు, టైర్లు, లోడు, అన్నీ. ఒక్కడివే ఉంటే దానికి పనేముంది?"

"ఊఁ."

"పోనీ ఒక్కడివే ఆడుకోరాదూ? చల్లగా ఉంటుంది."

చల్లగానే ఉంటుంది.

డబ్బా పక్క రేకు విప్పి, బల్ల మీది ఫ్యాను ఎదురుగా పెట్టాను. బానెట్టు లేపి గాలికి పెట్టినట్టు. మూడు డిగ్రీలు తగ్గింది. నాకు చెమటలు పట్టాయి, ఉన్న ఒక్క ఫ్యానూ దానికిచ్చేశాను కదా.

ఇంటావిడ గుమ్మంలోంచి తొంగి చూసింది. "అన్నయ్యగారూ, మీరు చెమటలో తడుస్తూ ఆ డబ్బాకి విసురుతున్నారేంటి? దానికేమైనా నొప్పులా?"

"వేడి చేసిందమ్మా."

"అదృష్టవంతురాలు" అని దిగిపోయింది.

19, శనివారం

రేపే ట్రిప్పు.

మేనకోడలు ఫోన్లో ఒక్కొక్కటే చెప్పింది, ఆటలో కార్డు గీసేవి నేను తగ్గించాను. నీడలు తీసేయమంది. తీసేశాను. గడ్డి. తీసేశాను. దూరంగా కనపడే కొండలు, మబ్బులు. సెకనుకు ఎన్ని బొమ్మలు గీయాలో అది కూడా సగానికి తగ్గించాం. లోకం బోడిగుండులా అయింది. చెట్లకి నీడల్లేవు. నా లారీకీ నీడ లేదు.

ఎనభై ఏడు దగ్గర ఆగింది. పెద్ద ట్రిప్పుకి చాలదు.

"ఇంకొక్కటుంది మామయ్యా. అద్దాలు. వెనక చూసే రెండద్దాలకీ కార్డు ఇంకో రెండుసార్లు అంతా గీయాలి. అవి ఆపేస్తే బాగా తగ్గుతుంది."

వద్దన్నాను. అద్దం లేకుండా బండి తీసేవాడు డ్రైవరే కాదు. నా దగ్గర క్లీనరుగా చేసినవాళ్ళకి మొదటి పాఠం అదే చెప్పేవాణ్ణి.

"నువ్వు చివర్న కదా ఉంటావు? నీ వెనక ఎవరుంటారు?"

నిజమే. నా వెనకెవరుంటారు.

ఆపేశాను. అద్దాల స్థానంలో రెండు నల్ల పలకలు మిగిలాయి. ఎనభై ఒకటి.

20, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం భోజనం కాగానే బయలుదేరాం. కూనిరాగం లేడు. "వాడికి నెట్ సతాయిస్తోందట, దార్లో కలుస్తాడు" అన్నాడు లీడరు. మంచిదే, ఒక బండి తక్కువ అనుకున్నాను. కలప లోడు. ఎనభై, ఎనభై ఒకటి. హాయిగా పోయింది.

కాసేపటికి చెవిలో కూనిరాగం గొంతు వినపడింది. వచ్చేశానన్నాడు. ఎప్పట్లాగే ఏదో రాగం తీస్తున్నాడు. ముందెక్కడో కలిశాడనుకున్నాను. ముందు నాకు రెండు బళ్ళ వెనక లైట్లే కనపడుతున్నాయి. మూడోది మలుపు అవతల ఉందనుకున్నాను.

అప్పట్నుంచీ వేడి ఎక్కడం మొదలెట్టింది. ఎనభై నాలుగు. ఎనభై ఏడు. నదిమీది వంతెన దగ్గర వాన పట్టుకుంది. వాన కూడా కార్డే గీయాలి. తొంభై ఒకటి. డబ్బా మోత చెవి మూసినా వినపడుతోంది. తొంభై మూడు.

ఇంకొంచెం ఎక్కితే ఆగిపోతుంది. ఆగితే మధ్యలోకి. ఆలోచించాను. వెనకబడితే చాలు, ముందు బళ్ళు కనపడనంత వెనకబడితే కార్డుకి కాస్త ఊపిరి. తర్వాత అందుకోవచ్చు.

బ్రేకు గట్టిగా తొక్కేశాను.

"అరెరెరె! హారన్ గారూ!" కూనిరాగం అరుపు. నా బండి ఊగింది. నా కుడి పక్కనుంచి ఒక లారీ అడ్డంగా జారుకుంటూ పోయింది, పక్కవాటుగా, లైట్లు ఆకాశంలోకి పెట్టుకుని. రెయిలింగు దాటి కిందకి దొర్లింది. కలప దుంగలన్నీ నది ఒడ్డున పరుచుకున్నాయి.

వాడు నా వెనకే ఉన్నాడు. కలిసిన దగ్గర్నుంచీ నా వెనకే.

"ఏమైందిరా?" లీడరు.

"బోల్తా పడ్డాను. హారన్ గారు ఉన్నట్టుండి బ్రేకేశారు."

"ఎందుకేశారు? అడ్డమేమన్నా వచ్చిందా?"

"ఏం లేదు. ఖాళీ రోడ్డు. అద్దంలో నన్ను చూస్తూనే ఉంటారు కదా, లైట్లు కూడా కొడుతూ వస్తున్నానాయె. నేనే కావాలని వెనకున్నాను, ఈయన మాయమైతే చూసేవాడు ఒకడుండాలని."

"హారన్ గారూ, ఏమైంది?" అంది నర్సమ్మ. "బాగానే ఉన్నారా?"

ఒకటి కొట్టాను. అది సరే అన్నమాట. సరే అంటే ఏం సరే? రెండు కొట్టాను. దానికీ అర్థం లేదు. వాన చప్పుడు ఒక్కటే.

మనిషిని పడేసి హారన్ కొడతారా ఎవరైనా?

మైకు బొత్తాం నొక్కాను. దగ్గాను. ముందు ఆ దగ్గే వెళ్ళింది వాళ్ళకి.

"అద్దాలు ఆపేశాను" అన్నాను. "మిషను వేడెక్కుతుంటే. నువ్వు వెనకున్నావని తెలీదు. తప్పు నాదే, బాబూ."

మాట వెళ్ళిందో లేదో, మిషను మళ్ళీ ఆగిపోయిందేమోనని తెర వైపు చూశాను.

"అబ్బో!" అన్నాడు కూనిరాగం. "హారన్‌కి గొంతొచ్చిందిరోయ్!"

"మైకు బాగైందా?" అన్నాడు లీడరు.

"ఆఁ. ఇవాళే."

"గొంతు వింటే పెద్దవాళ్ళలా ఉన్నారు" అంది నర్సమ్మ.

"నేనెప్పుడో చెప్పలా?" అన్నాడు కూనిరాగం. "మలుపు మలుపుకీ ముందే హారన్ కొట్టేవాళ్ళు ఇప్పుడెవరున్నారు? అసలు బండి తోలిన చెయ్యి అది. తోలారా లేదా, చెప్పండి పెద్దాయనా?"

"తోలాను."

"చూశారా!"

"వాగుడాపి నీ లారీ సంగతి చూసుకో" అంది నర్సమ్మ. "పెద్దాయనా, మీ మిషన్‌కి జ్వరమా? ఎంతుంది?"

మూల చూశాను. "తొంభై రెండు."

"అమ్మో! మా వార్డులో అయితే ఈపాటికి ఐసుగడ్డల మీద పడుకోబెట్టేదాన్ని. మామూలుగా ఎంతుండాలి?"

"ఎనభై లోపు."

"సరే. లీడరూ, అందరం ఆగుదాం. ఎనభై ఐదుకి దిగాక కదులుదాం. పెద్దాయనా, దిగగానే చెప్పండి."

ఆగాం. కూనిరాగం క్రేను పిలిపించుకుని, కొత్త లోడు లేకుండానే ఖాళీ బండితో వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఎడమవైపు అద్దం ఒక్కటి మళ్ళీ ఆన్ చేశాను. రెండు దీపాలు కనపడ్డాయి. రెండు డిగ్రీలు ఎక్కింది. ఎక్కనీ అనుకున్నాను.

ఆ తర్వాత రేవు దాకా ఇదే. "ఎంతుంది?" "ఎనభై ఎనిమిది." "స్పీడు తగ్గిద్దాం." "ఇప్పుడు?" "ఎనభై ఆరు." "మంచినీళ్ళు తాగారా మీరు?" "తాగాను." "అది మీకేనా, మిషనుక్కూడా పోశారా?" కూనిరాగానిదే ఆ మాట. నవ్వాను. మైకు ఆన్‌లో ఉంది, వాళ్ళకి వినపడింది.

రేవు చేరేసరికి చీకటి పడుతోంది. ఆగకుండా చేరినట్టా, ఆగి చేరినట్టా అని లీడరుని అడగలేదు. అతనూ చెప్పలేదు. "వచ్చేవారం కలుద్దాం, తోక బండీ" అన్నాడు. అంతే.

గొంతు బొంగురుపోయింది. వేణ్ణీళ్ళు తాగాను.

21, సోమవారం

ఎనభై.

24, గురువారం

మేనకోడలు పార్సిలు పంపింది. రెండు పల్చటి ఫ్యాన్లు. కార్డు సొంత ఫ్యాన్లు, ప్లాస్టిక్కు తొడుగు మొత్తం పీకేసి, రేకుల మీద వీటిని తీగతో కట్టమంది. "అందంగా ఉండదు మామయ్యా, కానీ పనిచేస్తుంది."

తీగతో కట్టడం నాకు కొత్తా. సైలెన్సరు తీగతో కట్టి కొండలు దిగినవాణ్ణి. ఊడకుండా మెలితిప్పి కట్టాను. తిరిగే రెక్కకి తీగ కొస తగలకుండా లోపలికి మడిచాను.

మోతే లేదు. ఉందా లేదా అని చెవి ఆనించి విన్నాను.

25, శుక్రవారం

అరవై ఆరు. అద్దాలు రెండూ ఆన్. గడ్డి కూడా. నా లారీకి నీడ తిరిగొచ్చింది.

మేనకోడలికి ఫోన్ చేశాను.

"అరవై ఆరా! అంటే కొత్తదానికన్నా నయం. ఇంకేం, రోగం కుదిరింది. ఇక నంబర్లు రాయక్కర్లేదు మామయ్యా."

"మళ్ళీ ఎక్కుతుందేమో."

"ఎక్కదు."

"పేస్టు ఆరిపోవచ్చు."

"ఆరడానికి ఏళ్ళు పడుతుంది. ఎక్కితే చెయ్యి ఫోను."

"ఎక్కకపోతే?"

ఎందుకలా అన్నానో తెలీదు. తను నవ్వలేదు. "ఎక్కకపోయినా చెయ్యి మామయ్యా" అంది.

ఇంటావిడ మెట్ల దగ్గర, "ఏంటన్నయ్యగారూ, చప్పుడు లేదు? బాగున్నారా అని భయమేసింది" అంది.

బాగున్నానన్నాను.

27, ఆదివారం

నలుగురం వెళ్ళాం. సిమెంటు లోడు. ముందు లీడరు, తర్వాత నర్సమ్మ, కూనిరాగం, చివర నేను. డబ్బా నిద్రపోతున్న పిల్లలా ఉంది. ఒక్క మోత లేదు, ఒక్క వాసన లేదు.

కొండ మొదలయ్యే చోట నర్సమ్మ అడిగింది. "పెద్దాయనా, ఎంతుంది?"

మూల చూశాను. అరవై ఎనిమిది.

"ఎనభై ఏడు" అన్నాను.

"అయ్యో, ఇంకా తగ్గలేదా! లీడరూ, విన్నావా? నిదానంగా పోనీ."

"పోనిస్తున్నా. పెద్దాయనా, ప్రతి మలుపుకీ చెబుతూ ఉండండి."

"అలాగే" అన్నాను.

కొండకి చాలా మలుపులున్నాయి.